బరువు తగ్గించే పథ్యంలో నూనెకు చోటున్నదా?

మొన్నటి పుష్యమాసంలో ఒక ఉదయం హనుమకొండలోని నా వైద్యశాలకు ఒక ఉపాధ్యాయిని వచ్చారు. వయస్సు నలభై రెండేళ్ళు. నాడి చూపించడానికి చేయి చాపగానే నా దృష్టి ఆమె ముంజేతి మీద పడింది. ఎండిన చెరువు మట్టివలె సన్నని పగుళ్ళు. గోరు తగిలితే తెల్లని గీత పడుతున్నది. మడమలు చీలి నెత్తురు కనిపిస్తున్నది.

"అయ్యగారూ, నాలుగు నెలల నుంచి ఇంట్లో నా వంట వేరు. నూనె చుక్క వేయను, నెయ్యి ముట్టను. పొద్దున నిమ్మరసం నీళ్ళు, మధ్యాహ్నం కీరదోస ముక్కలు, రాత్రి రెండు పుల్కాలు. తొమ్మిది కిలోలు తగ్గాను. కాని గత నెల నుంచి కాటా కదలడం లేదు. ఒళ్ళంతా దురద. జుట్టు పిడికిళ్ళకొద్దీ ఊడుతున్నది. చర్మానికి ఏదైనా లేపనం ఇప్పించండి" అన్నారు.

లేపనం ఇవ్వడం సులభమే. కాని ఆ చర్మం అడుగుతున్నది లేపనం కాదు, ఆహారం. ఇటువంటివారు ఇటీవల నా వద్దకు తరచుగా వస్తున్నారు. బరువు తగ్గాలనే సంకల్పం మంచిదే. అయితే ఆ తొందరలో మొట్టమొదట శత్రువుగా ఎంచి వెళ్ళగొడుతున్నది నూనెను, నెయ్యిని. బరువుకు కారణమైన అసలు దోషాలు మాత్రం ఇంట్లోనే ఉండిపోతున్నాయి. ఈ విషయాన్ని గృహిణులకు, ముఖ్యంగా నడివయస్సులో ఉన్న సోదరీమణులకు వివరించాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

లావుగా ఉన్నవారికి పొడి చర్మమా?

"ఒంట్లో ఇంత కొవ్వు ఉండగా చర్మం ఎందుకు ఎండుతుంది?" అని చాలామంది అడుగుతారు. ప్రశ్న సమంజసమైనదే. దీనికి చరక సంహిత సూత్రస్థానం ఇరవై ఒకటవ అధ్యాయంలో సమాధానం ఉన్నది. అతిస్థూలుని శరీరంలో మేదోధాతువు ఒక్కటే పెరుగుతుంది, తక్కిన ధాతువులకు తగిన పోషణ అందదు అని ఆచార్యుడు చెప్పాడు. మేదస్సు మార్గాలను అడ్డగించడం వల్ల వాయువు కోష్ఠంలోనే తిరుగుతూ జఠరాగ్నిని రగిలిస్తుంది. కావున స్థూలునికి ఆకలి ఎక్కువ, ఆకలికి ఓర్చుకునే శక్తి తక్కువ. తిన్నదంతా మళ్ళీ మేదస్సుకే చేరుతుంది.

మరొక విధంగా చెప్పాలంటే, ఇంటి కొట్టు గదిలో ధాన్యం బస్తాలు పేరుకున్నాయి, పొయ్యి మీద గిన్నె మాత్రం ఖాళీగా ఉన్నది. ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వు వేరు, చర్మాన్ని పోషించే స్నిగ్ధత వేరు. మొదటిదాన్ని కరిగించాలని రెండవదాన్ని కూడా ఆపివేస్తే వాతం ప్రకోపిస్తుంది. వాతానికి రూక్షత్వం సహజ గుణం. చర్మం పొడిబారడం, మడమలు చీలడం, మలబద్ధం, నిద్ర పట్టకపోవడం వరుసగా మొదలవుతాయి. చలికాలంలో ఇది మరింత ఎక్కువ. హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుంది, దానికి తగిన ఇంధనం ఇవ్వకపోతే శరీరంలోని రసాన్నే హరిస్తుంది అని ఋతుచర్యలో పెద్దలు హెచ్చరించారు. ఆ ఉపాధ్యాయిని కఠిన ఉపవాసాలు సరిగ్గా ఆ ఋతువులోనే సాగాయి.

ఆధునిక విజ్ఞానం ఏమంటున్నది?

1929లో అమెరికాలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ అనే శాస్త్రజ్ఞ దంపతులు ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని ఆహారం పెట్టి పరీక్షించారు. కొంతకాలానికి వాటి తోకల మీద, పాదాల మీద చర్మం పొలుసులుగా లేచింది. ఎదుగుదల ఆగింది. నీరు ఎక్కువగా తాగసాగాయి. కొన్ని కొవ్వు ఆమ్లాలను శరీరం స్వయంగా తయారుచేసుకోలేదని, అవి ఆహారం ద్వారానే అందాలని ఆ పరిశోధనల వల్ల లోకానికి తెలిసింది. వాటిలో ముఖ్యమైన లినోలిక్ ఆమ్లం చర్మం పై పొరలో చేరి, లోపలి తేమ ఆవిరి కాకుండా కాపాడుతుంది. నువ్వుల నూనె, కుసుమ నూనెలలో ఇది సమృద్ధిగా ఉంటుంది. పల్లి నూనెలోనూ తగినంత ఉంటుంది. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టడానికి కూడా ఆహారంలో కొంత కొవ్వు అవసరం.

అయితే రెండవ పక్షాన్ని కూడా దాచకుండా చెప్పాలి. ఒక గ్రాము కొవ్వులో 9 కేలరీలు ఉంటాయి. ఒక గ్రాము పిండిపదార్థంలో గాని, మాంసకృత్తులలో గాని 4 మాత్రమే. కనుక "నెయ్యి ఎంత తిన్నా లావెక్కరు" అని కొందరు చెప్పే మాటను నమ్మవద్దు. ప్రశ్న నూనె ఉండాలా వద్దా అన్నది కాదు. ఎంత ఉండాలి, దేనితో కలిసి రావాలి అన్నదే.

మా గురువుగారి ఇరుసు పాఠం

నేను 1970వ దశకంలో గురువుగారి ఇంట ఉండి శాస్త్రం అభ్యసించాను. అభ్యంగన ప్రకరణంలో చరకుడు కుండను, తోలును, బండి ఇరుసును దృష్టాంతాలుగా చెప్పిన చోటికి పాఠం వచ్చినప్పుడు ఆయన నన్ను వీధిలోకి తీసుకువెళ్ళారు. మిరపకాయ బస్తాలతో వరంగల్లు వెళ్తున్న ఎడ్లబండి ఒకటి మా వాకిట ఆగి ఉన్నది. "చూడు నాయనా, ఇరుసుకు చమురు పోస్తే బండి బరువెక్కదు, సాగుతుంది. చమురు డబ్బాలు తెచ్చి బండి మీదికే ఎక్కిస్తే అది బరువే అవుతుంది. వైద్యుడికి ఈ తేడా తెలియాలి" అన్నారు. యాభై ఏళ్ళ తరువాత కూడా ఈ విషయాన్ని ఇంతకంటే తేలికగా చెప్పడం నాకు చేతకాలేదు.

మరి ఇరుసుకు ఎంత చమురు కావాలి? శారీరక శ్రమ తక్కువగా ఉండే పెద్దవారికి రోజుకు పైనుంచి వేసుకునే నూనె, నెయ్యి కలిపి 20 నుంచి 25 గ్రాములు చాలునని మన పోషకాహార నిపుణుల సూచన. అనగా చిన్న చెంచాతో నాలుగైదు చెంచాలు. ఇంటి లెక్కలో చెప్పాలంటే, నలుగురు పెద్దలున్న కుటుంబానికి నూనె, నెయ్యి అన్నీ కలిపి నెలకు మూడు లీటర్లు మించకూడదు. ఈ నెల మీ ఇంట్లో ఎన్ని నూనె ప్యాకెట్లు ఖర్చయ్యాయో ఒకసారి లెక్క చూసుకోండి. ఎక్కువ ఇళ్ళలో మూడు లీటర్లు మించి ఉంటుంది, కొందరు పథ్యం వారిలో సున్నా ఉంటుంది. రెండూ దోషమే.

బరువు ఎక్కడి నుంచి వచ్చింది?

ఓరుగల్లు ప్రాంతంలో నా చిన్ననాట ఎక్కువ ఇళ్ళలో రాత్రికి జొన్న రొట్టె, పొద్దునకు గట్క లేదా అంబలి. వరి అన్నం పండుగలకు, చుట్టాలకు. తరువాత కాకతీయ కాలువ నీటితో వరి సాగు పెరిగింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఆకలి తీరింది, అది గొప్ప మేలు. కాని మూడు పూటలా బియ్యమే అయింది. ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం రెండుసార్లు వడ్డించుకున్న అన్నం, రాత్రి మళ్ళీ అన్నం. శ్రమ మాత్రం తగ్గింది. పొలానికి నడిచిన కాళ్ళు ఇప్పుడు స్కూటరు మీద ఉన్నాయి.

దీనికి తోడు చక్కెర. ఒక చిన్న లెక్క చూడండి. నాలుగు చెంచాల నూనెలో సుమారు 160 కేలరీలు ఉంటాయి. రెండేసి చెంచాల చక్కెరతో రోజుకు నాలుగు కప్పుల టీ తాగితే ఆ చక్కెరలోనే దాదాపు అంత చేరుతుంది. నా వద్దకు వచ్చిన ఉపాధ్యాయిని కూడా నూనె పూర్తిగా మానేశారు గాని, బడిలో మూడు కప్పుల టీ, దానితో బిస్కట్లు మానలేదు. "అది భోజనం కాదు కదా అయ్యగారూ" అన్నారు. ఒంటికి ఆ తేడా తెలియదు. నూనె వేయకుండా చేసుకున్న కూర వల్ల తృప్తి కలగక, సాయంత్రానికి ఆకలి పెరిగి, చేయి బిస్కట్ల డబ్బా మీదికి పోతున్నది.

శాస్త్రం చూపిన మార్గం

స్థౌల్యానికి చరకుడు చెప్పిన ఆహారసూత్రం చాలా సూక్ష్మమైనది. ఆహారం జీర్ణం కావడానికి గురువుగా ఉండాలి, కాని ఒంటిని పెంచేది కాకూడదు. కడుపు నిండాలి, ఆకలి నిదానంగా కావాలి, మేదస్సు మాత్రం పెరగకూడదు. అందుకు ఆయన పేర్కొన్న వాటిలో యవలు, కొర్రలు, చామలు, అరికెలు, పెసలు, ఉలవలు, కందులు ఉన్నాయి. అదే జాబితాలోని జూర్ణాహ్వ ధాన్యమే మన జొన్న అని మా గురువుగారు చెప్పేవారు. పీచుపదార్థం, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న ఆహారం ఆకలిని అదుపులో ఉంచుతుందని నేటి పోషకాహార శాస్త్రం చెప్పేది కూడా ఇదే.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ ధాన్యాలన్నీ రూక్ష గుణం కలవి. పొడి చర్మం ఉన్నవారు వీటిని నూనె, నెయ్యి లేకుండా తింటే బరువు తగ్గవచ్చును గాని చర్మం చీలుతుంది. కావున రూక్ష ధాన్యానికి కొలిచిన స్నేహాన్ని జోడించాలి. జొన్న రొట్టె మీద ఒక చెంచా నెయ్యి రాయడం మన అమ్మమ్మలకు తెలిసిన వైద్యమే.

ఒక రోజు పథ్యం

ఉదయం: లేవగానే ఒక గ్లాసు గోరువెచ్చని నీరు. నిమ్మరసం, తేనె కలుపుకునేవారు చల్లారిన నీటిలోనే కలుపుకోవలెను. వేడినీటిలో తేనె శాస్త్రసమ్మతం కాదు. ఎనిమిది గంటల ప్రాంతంలో రెండు పెసరట్లు, లేదా ఒక పెద్ద జొన్న రొట్టె, ఒక కప్పు కూర. దీనికి ఒక చెంచా నూనె.

మధ్యాహ్నం: కంచంలో సగభాగం కూరగాయలు, ఆకుకూరలు ఉండవలెను. పావుభాగం పప్పు, తక్కిన పావుభాగం అన్నం. అనగా ఒక కప్పు అన్నం, రెండవసారి వడ్డన లేదు. మొదటి ముద్దలో ఒక చెంచా నెయ్యి. చివర పలుచని మజ్జిగ. భోజనానికి ముందు నీరు తాగితే శరీరం కృశిస్తుందని, మధ్యలో తాగితే సమంగా ఉంటుందని, చివర తాగితే స్థూలిస్తుందని వాగ్భటుడు చెప్పాడు. కావున చెంబెడు నీరు భోజనం తరువాత తాగే అలవాటు మానవలెను.

సాయంత్రం: ఒక జామపండు, లేదా గుప్పెడు ఉడికించిన బొబ్బర్లు. టీ తప్పనిసరి అయితే ఒక కప్పు, ఒక చెంచా చక్కెర.

రాత్రి: ఎనిమిది గంటల లోపు కొర్ర అన్నం గాని, జొన్న రొట్టె గాని. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ కూరలు, పలుచని పెసరకట్టు. నిద్రకు, భోజనానికి రెండు గంటల వ్యవధి ఉండవలెను. మాంసాహారులు వారానికి రెండుసార్లు చేపల పులుసు తినవచ్చును, వేపుడు కాదు.

పగటి నిద్ర మానవలెను. రోజూ ముప్పావు గంట వేగంగా నడవవలెను. భద్రకాళి చెరువు గట్టున ఉదయం నడిచేవారు ఎందరో ఉన్నారు. వారితో కలవండి. నెలకు రెండు కిలోలు తగ్గితే చాలును. అంతకంటే తొందరపడితే జుట్టు ఊడడం, పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడడం వంటి ఇబ్బందులు రావచ్చును. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్ల లోపుకు తేవడం లక్ష్యంగా పెట్టుకోవలెను.

రెండు గృహయోగాలు

అవిసె గింజల కారం: అవిసె గింజలు 50 గ్రాములు, నువ్వులు 25 గ్రాములు, ధనియాలు రెండు చెంచాలు, జీలకర్ర ఒక చెంచా, ఎండుమిరపకాయలు ఐదు. నూనె లేకుండా విడివిడిగా దోరగా వేయించి చల్లార్చవలెను. ఆరు వెల్లుల్లి రేకులు, కొద్దిగా చింతపండు, తగినంత ఉప్పు చేర్చి దంచి గాజు సీసాలో ఉంచవలెను. అవిసె పొడి త్వరగా ముక్కుతుంది గనుక పదిహేను రోజులకు సరిపోయేంతే చేసుకోవలెను. రోజుకు రెండు చెంచాలు మొదటి ముద్దతో. రోజు మొత్తంలో నీరు తగినంత తాగవలెను. రక్తం పలుచబడే మందులు వాడేవారు తమ డాక్టరును అడిగిన తరువాతే వాడవలెను.

గంగవాయిలి పప్పు: పెసరపప్పు ఒక కప్పు, గంగవాయిలి కూర రెండు కట్టలు, పచ్చిమిరపకాయలు మూడు, పసుపు చిటికెడు. పప్పు సగం ఉడికిన తరువాత కూర వేసి మెత్తగా ఉడికించి, రెండు చెంచాల నెయ్యిలో జీలకర్ర, వెల్లుల్లితో పోపు పెట్టవలెను. ఇది నలుగురికి సరిపోతుంది. అవిసెలలో ఉండే మేలైన కొవ్వు ఆమ్లం ఈ ఆకుకూరలోనూ ఉండడం విశేషం. మూత్రపిండాలలో రాళ్ళు ఉన్నవారు దీనిని తగ్గించవలెను.

బయటి ఉపచారం

వారానికి రెండు రోజులు గోరువెచ్చని నువ్వుల నూనెతో ఒళ్ళంతా మర్దన చేసుకుని, అరగంట తరువాత పెసరపిండితో స్నానం చేయవలెను. ఉడుకునీరు పనికిరాదు, గోరువెచ్చని నీరే మేలు. మిగిలిన రోజులలో స్నానం కాగానే తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె పలుచగా రాసుకోవలెను. స్థూలురకు పొడి చూర్ణాలతో నలుగు పెట్టడం శాస్త్రంలో ఉన్నది గాని, చర్మం చీలినవారు ఉలవపిండితో ఇంట్లో గట్టిగా రుద్దుకోరాదు. మర్దన వల్ల బరువు తగ్గుతుందని కూడా ఆశించవద్దు. బరువును తగ్గించేవి ఆహారం, నడక.

నా పొరపాటు ఒకటి

ఇది చెప్పకుండా వ్యాసం ముగిస్తే నా మనస్సుకు శాంతి ఉండదు. సుమారు పాతికేళ్ళ క్రితం కాజీపేట నుంచి ఒక రైల్వే ఉద్యోగి భార్య నా వద్దకు వచ్చారు. తక్కువ తింటున్నా బరువు పెరుగుతున్నది, చర్మం పొడిబారుతున్నది, మలబద్ధం, ఎప్పుడూ మత్తు, చలికి ఓర్వలేకపోవడం. మేదోవృద్ధి, దానిపై వాతం అని నిర్ణయించి నాలుగు నెలలు పథ్యం, చూర్ణాలు, నలుగు చేయించాను. ఆమె అన్నీ నియమంగా పాటించారు. గుణం కనిపించలేదు. చివరకు ఆమె అన్నగారు ఆసుపత్రికి తీసుకువెళ్ళి రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ గ్రంథి మందగించినదని తేలింది. తరువాత ఆమె నా వద్దకు వచ్చి ఒక్క మాటే అన్నారు: "అయ్యగారూ, మీరు చెప్పి ఉంటే ఆనాడే పరీక్ష చేయించుకునేదాన్ని కదా." ఆ మాటలో కోపం లేదు. అందుకే మరచిపోలేకపోయాను.

ఆనాటి నుంచి పొడి చర్మం, బరువు పెరుగుదల రెండూ కలిసి వచ్చిన ఎవరికైనా ముందు టీఎస్‌హెచ్ రక్తపరీక్ష రాస్తున్నాను. జుట్టు రాలడం, ముఖం ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం, నెలసరి క్రమం తప్పడం కూడా తోడైతే ఒక్క రోజు ఆలస్యం చేయవద్దు. థైరాయిడ్ మాత్ర వాడుతున్నవారు గృహవైద్యం పేరుతో దానిని మానరాదు. ఆ మాత్రను ఉదయం పరగడుపున నీటితోనే వేసుకుని, కనీసం అరగంట నుంచి గంట తరువాతే తక్కినవి తీసుకోవలెను. మధుమేహం ఉన్నవారు మడమల చీలికలను చిన్నవిగా ఎంచక వెంటనే చూపించుకోవలెను. గర్భిణులు, బాలింతలు బరువు తగ్గే పథ్యాలు చేయరాదు.

ఉపాధ్యాయినికి ఏమైంది?

ఆమెకు కూడా ముందు పరీక్ష చేయించాను. థైరాయిడ్ దోషం లేదు. అప్పుడు పైన చెప్పిన పథ్యమే ఇచ్చాను. రోజుకు నాలుగు చెంచాల స్నేహం అనగానే ఆమె భయపడ్డారు. "మళ్ళీ లావెక్కుతానేమో అయ్యగారూ" అన్నారు. "బిస్కట్లు, రెండు కప్పుల టీ నాకివ్వమ్మా, నాలుగు చెంచాల నూనె నేనిస్తాను" అన్నాను. నవ్వి ఒప్పుకున్నారు. మొదటి నెల కాటా కదలలేదు. ఆరు వారాలకు ముంజేతుల పగుళ్ళు పూడాయి, మడమలు కలిశాయి. ఐదు నెలలలో మరో నాలుగు కిలోలు తగ్గారు. అన్నిటికంటే నాకు సంతోషం కలిగించినది వేరొకటి. ఇంట్లో ఇప్పుడు ఆమె వంట వేరు కాదు. అందరికీ ఒకటే వంట, ఒకటే పంక్తి.

పథ్యం అంటే ఒకరు ఇంటి భోజనం నుంచి వెలి కావడం కాదు. ఇంటి భోజనాన్నే సరిదిద్దుకోవడం. ఈ నెల సరుకుల చీటీ రాసేటప్పుడు చక్కెరను, బిస్కట్లను సగానికి తగ్గించండి. జొన్నలు, పెసలు, ఉలవలు చేర్చండి. నూనెను కొలిచి వాడండి, కాని మానవద్దు.